పాత ఇంటిగ్రాకి ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్): హెలికల్ వేయాలా, ప్లేట్ టైప్ వేయాలా?

ఫ్రిస్కో_జీఎస్‌ఆర్ (ఫ్రిస్కో, టెక్సస్), శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి.

కారు 1998 ఆక్యూరా (అమెరికాలో హోండా బ్రాండ్) ఇంటిగ్రా జీఎస్‌ఆర్. 1.8 లీటర్ల వీటెక్ (ఆర్‌పీఎం పెరిగాక వాల్వులను ఇంకా ఎక్కువగా తెరిచే హోండా ఏర్పాటు), 170 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్. లక్షా అరవై రెండు వేల మైళ్లు తిరిగింది. ఇంజిన్ జోలికి ఎవరూ వెళ్లలేదు, ఆ నమ్మకంతోనే కొన్నాను. ఆఫీసుకి వేరే కారు ఉంది. ఇది వారాంతాల్లో తీస్తాను. ఏడాదికి ఏడెనిమిది ఆటోక్రాస్‌లు (కోన్ల మధ్య ఒక్కో కారు నడిపి సమయం చూసే పోటీలు), క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌లో ఒకటి రెండు ట్రాక్ డేలు.

సమస్య అందరికీ తెలిసిందే. ఆటోక్రాస్‌లో రెండో గేర్‌లో ఇరుకు మలుపు తిరిగి యాక్సిలరేటర్ తొక్కగానే లోపలి వైపు ముందు చక్రం గిర్రున తిరుగుతుంది. టైరు పొగ వస్తుంది, ఆర్‌పీఎం పెరుగుతుంది, కారు మాత్రం కదలదు. మొన్న పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన "నీ కారుకి ఎల్‌ఎస్‌డీ లేదు కదా, అందుకే" అన్నారు. నిజమే. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచేది డిఫరెన్షియల్, ఒక చక్రం జారుతున్నా రెండో దానికి ఎక్కువ పంపగలిగేది ఎల్‌ఎస్‌డీ. అమెరికాలో జీఎస్‌ఆర్‌కి ఓపెన్, అంటే మామూలు డిఫరెన్షియలే వచ్చింది, ఇదే కారు స్పోర్ట్స్ రకం టైప్ ఆర్‌కి హెలికల్ ఎల్‌ఎస్‌డీ కంపెనీలోనే వేశారు.

ఎలాగూ మూడో గేర్ పడేటప్పుడు గరగరమంటోంది, గేర్‌బాక్స్ దించక తప్పదు. దించినప్పుడే ఎల్‌ఎస్‌డీ కూడా వేసేద్దామని. మూడు దారులు చూస్తున్నాను:

ఇంగ్లండ్ కంపెనీ క్వైఫ్ చేసే కొత్త హెలికల్. టైప్ ఆర్ నుంచి తీసిన పాత హోండా హెలికల్. లేదా 1.5 వే ప్లేట్ టైప్.

ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు, బుర్ర వేడెక్కిపోయింది. మీలో ఇవి వాడినవాళ్లు చెప్పండి.

ప్లేనో_పాతకార్లు (ప్లేనో, టెక్సస్), శనివారం రాత్రి 11:15

తమ్ముడూ, మంచి కారు దొరికింది, జాగ్రత్తగా చూసుకో. డిఫరెన్షియల్ మాట తర్వాత, ముందు ఇవి చెప్పు. టైర్లు ఏవి? వెనక యాంటీరోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా పట్టే కడ్డీ) కంపెనీదేనా? ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే కింది చేయి) బుష్‌లు, అంటే దాని కీళ్ల రబ్బరు తొడుగులు, ఎప్పుడైనా మార్చారా? ముందు స్ప్రింగులు మార్చావా?

ఇవి తెలియకుండా ఏది కొనమన్నా చీకట్లో రాయి వేసినట్టే.

ఫ్రిస్కో_జీఎస్‌ఆర్, ఆదివారం ఉదయం 8:05

అన్నా, టైర్లు 195/55 ఆర్15, ఆల్ సీజన్. వెనక బార్ కంపెనీది, సన్నగా ఉంటుంది. స్ప్రింగులు, డ్యాంపర్లు మార్చలేదు. బుష్‌లు 26 ఏళ్ల నాటివే అనుకుంటా. కింద పడుకుని టార్చ్ వేసి చూస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లో రబ్బరు చీలి ఉంది.

ప్లేనో_పాతకార్లు, ఆదివారం ఉదయం 8:31

అనుకున్నాను. ఆ చీలిన బుష్‌లతో ఎల్‌ఎస్‌డీ వేస్తే స్టీరింగ్ నీ చేతిలో ఉండదు. ఓపెన్ డిఫ్ ఉన్నంతకాలం రెండు చక్రాలూ ఒకే బలంతో లాగుతాయి కాబట్టి అరిగిన బుష్‌లు పెద్దగా బయటపడవు. ఎల్‌ఎస్‌డీ వచ్చాక ఒక చక్రం ఎక్కువ, ఒక చక్రం తక్కువ లాగుతాయి. ఆ తేడా మొత్తం బుష్ మీదే పడి, చక్రం దిక్కే మారుతుంది. బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు ముందు సరిచేయి. ఇది తప్పించుకునే ఖర్చు కాదు.

నోవై_గేర్లు (నోవై, మిషిగన్), ఆదివారం ఉదయం 10:50

ప్లేనో అన్న చెప్పిన ప్రతి మాటా నిజం. నేను ఇరవై ఏళ్లకు పైగా డ్రైవ్‌లైన్ పనిలోనే ఉన్నాను, కాబట్టి కాస్త లెక్కతో చెబుతాను. లెక్క అర్థమైతే ఏది కొనాలో నీకే తెలుస్తుంది.

జీఎస్‌ఆర్ టార్క్, అంటే తిప్పే బలం, గరిష్ఠంగా 128 పౌండ్ ఫీట్, అంటే సుమారు 174 న్యూటన్ మీటర్లు. నీ గేర్‌బాక్స్‌లో రెండో గేర్ 1.900, ఫైనల్ డ్రైవ్ 4.400. మూడూ గుణిస్తే ముందు ఇరుసు దగ్గర దాదాపు 1450 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్‌లో పోయేది పక్కన పెడుతున్నాను.

ఇప్పుడు ఇరుకు మలుపు. బరువంతా బయటి వైపు ఒరిగింది. లోపలి చక్రం మీద బరువు తగ్గి, అది జారకుండా 400 న్యూటన్ మీటర్లే మోయగలదనుకో. ఓపెన్ డిఫ్ ఎప్పుడూ రెండు వైపులా సమానంగానే ఇస్తుంది. లోపలికి 400, బయటికి 400, మొత్తం 800. బయటి టైరు ఇంకా మోయగలదు, కానీ దానికి అందదు. మిగిలిన ఇంజిన్ శక్తి లోపలి టైరుని తిప్పడానికే పోతుంది. నువ్వు చూసిన పొగ అదే.

హెలికల్‌లో గేర్ పళ్లు ఏటవాలుగా ఉంటాయి. బరువు పడ్డప్పుడు ఆ గేర్లు పక్కకు తోసుకుని కేసుకి ఒరుసుకుంటాయి. ఆ రాపిడి వల్ల నెమ్మదిగా తిరిగే చక్రానికి ఎక్కువ టార్క్ వెళ్తుంది. ఎంత ఎక్కువ అనేదే బయాస్ రేషియో. అది 2.5 అనుకుంటే లోపలి చక్రం 400 మోస్తున్నప్పుడు బయటి చక్రానికి 1000 దాకా వెళ్తుంది. మొత్తం 1400. నీ ఇంజిన్ రెండో గేర్‌లో ఇచ్చేది 1450. అంటే నీ కారుకి హెలికల్ దాదాపు సరిగ్గా సరిపోతుంది.

ఒక్క చిక్కుంది. లోపలి చక్రం గాల్లోకి లేచిందనుకో, అది మోసేది సున్నా. సున్నాని 2.5 పెట్టి గుణించినా సున్నాయే. అప్పుడు హెలికల్ మళ్లీ ఓపెన్ డిఫ్‌లాగే ఉంటుంది. ఆ క్షణంలో ఎడమ కాలితో బ్రేక్ మీద కాస్త ఒత్తితే తిరిగే చక్రానికి నిరోధం వచ్చి, బయటి చక్రానికి టార్క్ పోతుంది. అది అలవాటు చేసుకోవాలి. వేవ్‌ట్రాక్ లాంటి కొన్ని హెలికల్ రకాల్లో ఈ సున్నా సమస్యకి లోపలే ఒక ఏర్పాటు ఉంటుంది.

ప్లేట్ టైప్ దారి వేరు. దాంట్లో క్లచ్ పలకలుంటాయి, ముందుగానే కొంత ఒత్తిడి పెట్టి ఉంచుతారు. దాన్నే ప్రీలోడ్ అంటారు. చక్రం గాల్లో ఉన్నా రెండో వైపుకి ఎంతో కొంత వెళ్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే పట్టేది 1 వే. తొక్కినప్పుడు పూర్తిగా, వదిలినప్పుడు కొంత పట్టేది 1.5 వే. రెండు సందర్భాల్లోనూ పూర్తిగా పట్టేది 2 వే. ముందు చక్రాల కారులో 2 వే వేస్తే మలుపులోకి వెళ్లేటప్పుడు కారు తిరగనంటుంది, నేరుగా ముందుకే పోతుంది. దాన్ని ఇక్కడే కొట్టేయి.

లీడ్స్_క్లియో (లీడ్స్, ఇంగ్లండ్), ఆదివారం మధ్యాహ్నం 3:20 (ఇక్కడి టైమ్)

నోవై గారి లెక్క బాగుంది, కానీ ప్లేట్‌ని ఇంత త్వరగా పక్కన పెట్టేయకండి.

నాది రెనో క్లియో 182. ముందు హెలికల్ వేశాను, రెండేళ్ల తర్వాత తీసి ప్లేట్ వేశాను. క్రాఫ్ట్, క్యాడ్వెల్ పార్క్ ట్రాక్‌లకి వెళ్తుంటాను. క్యాడ్వెల్‌లో ఎత్తుపల్లాలున్నాయి, ట్రాక్ అంచున్న కర్బ్ ఎక్కితే లోపలి చక్రం లేస్తుంది. హెలికల్ అక్కడే వదిలేసేది. ప్లేట్ వేశాక ఆ మలుపు నుంచి బయటికి లాక్కొచ్చే తీరే మారిపోయింది. వర్షంలో కూడా ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది.

ఇబ్బందులు దాచను. పార్కింగ్‌లో చల్లగా ఉన్నప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టకటకా కొడుతుంది. మా ఆవిడ ఆ కారులో సూపర్‌మార్కెట్‌కి రావడం మానేసింది. నూనె తరచుగా మార్చాలి. పలకలు అరుగుతాయి, ప్రీలోడ్ తగ్గుతుంది, మళ్లీ విప్పి సరిచేయాలి. ఇవన్నీ తెలిసే వేసుకున్నాను, మళ్లీ అదే వేస్తాను.

నోవై_గేర్లు, ఆదివారం ఉదయం 11:35

లీడ్స్ గారూ, మీరు ట్రాక్ కోసమే కారు పెట్టుకున్నారు, మీకు ప్లేటే సరైనది. నాకు అభ్యంతరం ఒక్కటే. ముందు చక్రాల కారులో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి, రెండూ ఒకే నూనెలో మునిగి ఉంటాయి. వెనక చక్రాల కారులాగా వేరే డిఫ్ కేసు ఉండదు. పలకల నుంచి రాలే పొడి అంతా సింక్రోలు (గేర్ మెత్తగా పడేలా చేసే రింగులు), బేరింగ్‌లు తిరిగే నూనెలోనే కలుస్తుంది. పలకలకి మంచిదని వేసే నూనె సింక్రోలకి సరిపడకపోవచ్చు కూడా. ఫ్రిస్కో తమ్ముడి గేర్‌బాక్స్ ఇప్పటికే మూడో గేర్‌లో గరగరమంటోంది. కొత్త సింక్రోలు వేసి, దాని పక్కనే ప్లేట్ పెడితే నాకు బాధేస్తుంది.

లీడ్స్_క్లియో, ఆదివారం సాయంత్రం 4:50

దానికి కాదనను. నేను రెండు ట్రాక్ డేలకొకసారి నూనె మారుస్తాను, అది లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఇంకో మాట. ఇంగ్లండ్‌లో క్వైఫ్ వాళ్లది చాలా పాత పేరు. 2002లో వచ్చిన మొదటి ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో కంపెనీ వేసింది క్వైఫ్ హెలికల్ ఏటీబీనే. కొన్నవాళ్లందరికీ ఆ కారు మీద ప్రేమే, కానీ సరిగా లేని రోడ్డు మీద స్టీరింగ్‌ని రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే గాడి వెంబడి లాక్కుపోతుంది. దానికి 212 హార్స్‌పవర్, టర్బో. ఇంటిగ్రాకి అంత టార్క్ లేదు కాబట్టి అంత లాగదు.

మెల్‌బోర్న్_డీసీ2 (మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా), సోమవారం ఉదయం 7:10 (ఇక్కడి టైమ్)

నా దగ్గర ఇంటిగ్రా టైప్ ఆర్ ఉంది, ఇక్కడ అమ్మిన డీసీ2 (ఆ తరం ఇంటిగ్రాకి హోండా పెట్టిన కోడ్). తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. కంపెనీ హెలికల్‌తోనే వింటన్, శాండౌన్ ట్రాక్‌లకి వెళ్తాను. వింటన్ చాలా ఇరుకు ట్రాక్, దాదాపు నీ ఆటోక్రాస్ లాంటిదే.

ఫ్రిస్కో తమ్ముడూ, ఒక్క విషయం గమనించు. హోండా టైప్ ఆర్‌లో ఎల్‌ఎస్‌డీ ఒక్కటే పెట్టి ఊరుకోలేదు. వెనక 22 మిల్లీమీటర్ల యాంటీరోల్ బార్ వేసింది. ఎందుకంటే వెనక గట్టిగా ఉంటే మలుపులో లేచేది వెనక లోపలి చక్రం, ముందు లోపలి చక్రం నేల మీదే ఉంటుంది. ముందు చక్రం నేల మీద ఉంటేనే హెలికల్ పని చేస్తుందని నోవై గారు చెప్పారు కదా. ఆ రెండూ జంట. ఒకటి వేసి ఇంకొకటి వేయకపోతే సగం ఫలితమే.

మా స్నేహితురాలు తన సివిక్‌కి ముందు స్ప్రింగులు మాత్రం బాగా గట్టివి వేసి, వెనక కంపెనీవే ఉంచి, హెలికల్ పెట్టించింది. ప్రతి మలుపులో ముందు చక్రం తేలిపోయేది, డిఫ్ పనికిరాదని అమ్మేయబోయింది. వెనక బార్ మార్చాక అదే డిఫ్ అద్భుతంగా పట్టింది.

నా కారులో రోడ్డు మీద ఎల్‌ఎస్‌డీ ఉన్నట్టే తెలియదు. శబ్దం లేదు. మామూలు హోండా మాన్యువల్ గేర్ నూనే పోస్తాను.

ఫ్రిస్కో_జీఎస్‌ఆర్, సోమవారం రాత్రి 9:00

అక్కా, ఇది నాకు అసలు తట్టలేదు. నేను డిఫ్ ఒక్కదాని గురించే ఆలోచిస్తున్నాను. ధన్యవాదాలు.

మరి టైప్ ఆర్ నుంచి తీసిన పాత హెలికల్ కొంటే? ఇక్కడ ఒకాయన దగ్గర ఉంది. కొత్త క్వైఫ్ వెయ్యి డాలర్లు దాటుతోంది, ఈయన అందులో సగం అడుగుతున్నారు. ఇంకోటి, ఇంటర్నెట్‌లో మూడు వందల డాలర్లకే కొత్త హెలికల్ కనిపిస్తోంది. దాని గురించి ఎవరికైనా తెలుసా?

ప్లేనో_పాతకార్లు, సోమవారం రాత్రి 9:48

ఆ మూడు వందలది ముట్టుకోకు. నాకు జరిగింది చెబుతాను.

ఆరేళ్ల కిందట నా పాత సివిక్‌కి అలాంటి చవక హెలికల్ వేశాను. కంపెనీ పేరు ఇక్కడ రాయను. అమ్మేవాడు చెప్పిన సైజులు సరిపోయాయి, బిగించాం, నడిచింది. నాలుగు నెలలకి రివర్స్‌లో ఏదో కరకర. ఇంకో నెలకి నూనె తీస్తే వెండి రంగులో మెరుస్తోంది. విప్పి చూస్తే డిఫ్ లోపలి వాషర్లు ముక్కలై, ఆ ముక్కలు గేర్ పళ్ల మధ్యకు వెళ్లాయి. డిఫ్ ఒక్కటే పోతే సరే అనుకునేవాణ్ని. కేసింగ్ గీతలు పడింది, రెండు బేరింగ్‌లు పోయాయి, నాలుగో గేర్ పళ్లు చిట్లాయి. గేర్‌బాక్సే మార్చాల్సి వచ్చింది. మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి ఉన్న రోజులు. ఆయన్ని గ్రాండ్ క్యాన్యన్‌కి ఆ కారులోనే తీసుకెళ్దామనుకున్నాను. వెళ్లలేకపోయాం. అది ఇప్పటికీ మనసులో ఉంది.

పాత హోండాది వేరే మాట. హెలికల్‌లో అరిగే పలకలు లేవు కాబట్టి పాతదైనా నమ్మొచ్చు. కానీ చేతిలోకి తీసుకుని చూడకుండా కొనకు. డిఫ్ కేసుకున్న ఖాళీల్లోంచి లోపలి గేర్ల పళ్లు చూడు. గుంటలు, నీలం రంగు, చిట్లిన అంచులు ఉంటే వదిలేయి. ఆ కారు ఏం చేసిందో అడుగు. టర్బో వేసి డ్రాగ్ రేసులు చేసినదైతే వద్దు.

భాగ్యనగరం_వీటెక్ (హైదరాబాద్), మంగళవారం ఉదయం 11:25 (ఇక్కడి టైమ్)

అన్నలూ, అక్కా, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది 2002 హోండా సిటీ 1.5 వీటెక్, 106 హార్స్‌పవర్. ఇక్కడ ఆ రోజుల్లో దాన్ని మించిన పెట్రోల్ కారు ఆ ధరలో లేదు. నాన్న కొన్నారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఏడాదికి ఒకసారి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి, ఒకసారి కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకి తీసుకెళ్తాను. నేను కూడా ఎల్‌ఎస్‌డీ తెప్పించుకోవచ్చా? కస్టమ్స్ సుంకం, షిప్పింగ్ కలిపితే డిఫ్ ధర దాదాపు రెట్టింపు అవుతోంది.

నోవై_గేర్లు, మంగళవారం ఉదయం 7:40

తమ్ముడూ, నాన్నగారి కారుని ఇన్నేళ్లు కాపాడుకోవడం సంతోషంగా ఉంది.

నీ కారుది డీ సిరీస్ ఇంజిన్. దానికి తగ్గ డీ సిరీస్ గేర్‌బాక్స్ డిఫ్ చూడాలి, ఇంటిగ్రా బీ సిరీస్‌ది పట్టదు. గేర్‌బాక్స్ మీద అచ్చు వేసిన కోడ్ ఉంటుంది. శుభ్రంగా తుడిచి ఫొటో తీసి అమ్మేవాడికి పంపి, రాతపూర్వకంగా ఒప్పించుకున్నాకే డబ్బు కట్టు. బేరింగ్ లోపలి కొలత, డ్రైవ్‌షాఫ్ట్ చివర ఉండే స్ప్లైన్ (గాడి పళ్లు) లెక్క కూడా అడుగు.

కానీ మనసులో మాట చెబుతాను. 106 హార్స్‌పవర్‌కి ఆ ఖర్చు ఇప్పుడే వద్దు. నీకు లోపలి చక్రం ఎన్ని మలుపుల్లో తిరుగుతోంది? ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు, అందులో రెండో గేర్ మలుపులు ఎన్నో నీకే బాగా తెలుసు. మంచి టైర్లు, కొత్త బుష్‌లు, గట్టి వెనక బార్, మంచి బ్రేక్ ప్యాడ్లు వేసుకుని రెండు సీజన్లు నడుపు. ఆ తర్వాత కూడా లోపలి టైరు తిరుగుతుంటే అప్పుడు కొనుక్కో.

భాగ్యనగరం_వీటెక్, మంగళవారం సాయంత్రం 7:05

సరే అన్నా. కోయంబత్తూరులో రెండు చోట్ల తిరుగుతుంది, చెన్నైలో ఒక్క చోటే. ముందు బుష్‌ల పని చూస్తాను.

ఇక్కడ ఒక మెకానిక్ "డిఫ్ వెల్డింగ్ చేసేద్దాం, ఐదు వేలల్లో అయిపోతుంది" అంటున్నాడు. అది?

మెల్‌బోర్న్_డీసీ2, బుధవారం ఉదయం 6:30

వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. వెల్డ్ చేస్తే రెండు చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. ముందు చక్రాలతోనే కారు తిరగాలి కదా. యూ టర్న్ తీసుకుంటే టైర్లు ఈడ్చుకుంటూ వెళ్తాయి, డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్లు పోతాయి. హైదరాబాద్ వానలో ఫ్లైఓవర్ దిగుతూ మలుపు తిప్పితే కారు తిరగకపోతే ఏం చేస్తావు? నాన్నగారి కారు అది.

ఫ్రిస్కో_జీఎస్‌ఆర్, బుధవారం రాత్రి 10:15

నిన్న వెళ్లి ఆ పాత టైప్ ఆర్ డిఫ్ చూసొచ్చాను. పళ్ల మీద గుంటలు లేవు, కానీ ఒక గేర్ అంచు నీలంగా ఉంది. అన్న చెప్పింది గుర్తొచ్చి వదిలేశాను. ఇంట్లో మాట్లాడుకున్నాం. ఏప్రిల్‌లో వేసవి టైర్లు, బుష్‌లు, వెనక 22 మిల్లీమీటర్ల బార్. జూన్‌లో గేర్‌బాక్స్ దించి క్వైఫ్ వేయిస్తాను. ఒకసారి కొని మర్చిపోవాలన్నది నా ఉద్దేశం, దానికి జీవితకాల వారంటీ కూడా ఇస్తారు.

పని చేయించేటప్పుడు ఏమేం చూసుకోవాలో చెప్పండి. మెకానిక్ మంచివాడే, కానీ హోండా గేర్‌బాక్స్‌లు ఎక్కువగా విప్పలేదట.

నోవై_గేర్లు, గురువారం ఉదయం 6:50

మంచి నిర్ణయం. మెకానిక్‌కి ఇవి ప్రింట్ తీసి ఇవ్వు.

అన్నిటికంటే ముఖ్యం: హోండాలో రింగ్ గేర్‌ని (డిఫ్‌ని తిప్పే పెద్ద గేర్) డిఫ్‌కి పట్టి ఉంచే బోల్టులు రివర్స్ థ్రెడ్. తెలియనివాళ్లు మామూలుగా విప్పబోయి ఇంకా బిగించేస్తారు, బోల్టు తల తెగుతుంది. విప్పేటప్పుడు కుడి వైపు తిప్పాలి. బిగించేటప్పుడు సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి, ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి.

స్పీడోమీటర్‌ని తిప్పే చిన్న గేర్ పాత డిఫ్ మీద ఉంటుంది, దాన్ని కొత్త దానికి మార్చడం మర్చిపోవద్దు. మర్చిపోతే స్పీడోమీటర్ ఆగిపోతుంది. అంతేకాదు, ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, కారు వేగం తెలియకపోతే వీటెక్ పని చేయదు. ఇంజిన్ పాడైందని నెలల తరబడి వెతికినవాళ్లున్నారు.

డిఫ్ బేరింగ్‌లు కొత్తవి వేయించు. కేసులో డిఫ్ పక్కకు ఎంత కదులుతోందో కొలిచి, సరైన మందం ఉన్న 80 మిల్లీమీటర్ల షిమ్ (ఖాళీ పూడ్చే సన్నటి రింగు) వేయాలి. పాత షిమ్‌నే పెట్టేస్తే కుదరొచ్చు, కుదరకపోవచ్చు. కొలవకుండా మూయనివ్వకు.

పెట్టె తెరిచి ఉన్నప్పుడే మూడో గేర్ సింక్రో, స్లీవ్, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, డ్రైవ్‌షాఫ్ట్ సీళ్లు మార్పించు. ఈ గేర్‌బాక్స్‌లో ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అరిగి కూత పెట్టడం మామూలే. క్లచ్ ఎంత మిగిలిందో అప్పుడే చూడు.

నూనె 2.2 లీటర్ల చుట్టూ పడుతుంది. హెలికల్‌కి ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాల్సిన పని లేదు. రాపిడితోనే అది పని చేస్తుంది, ఆ రాపిడిని తగ్గించే మందు మనమే ఎందుకు పోయాలి?

లీడ్స్_క్లియో, గురువారం మధ్యాహ్నం 2:10

రెండు చేర్చుతాను. ఎల్‌ఎస్‌డీ వేశాక ముందు రెండు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. పంక్చర్ అయితే చిన్న స్పేర్ చక్రాన్ని ముందు వేయకు, వెనకది ముందుకు తెచ్చి స్పేర్‌ని వెనక వేసుకో. రెండోది, ఒక్క ముందు చక్రాన్నే జాక్ మీద లేపి గేర్ వేసి తిప్పి చూడొద్దు. నేల మీదున్న చక్రానికీ టార్క్ వెళ్లి కారు జాక్ మీద నుంచి దూకుతుంది. నేను కళ్లారా చూశాను, అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ప్లేనో_పాతకార్లు, గురువారం రాత్రి 8:20

ఇంకో మాట. ఆటోక్రాస్‌లో ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్) వాళ్ల స్ట్రీట్ క్లాస్‌లో, అంటే పెద్దగా మార్పులు చేయని కార్ల తరగతిలో, నడుపుతుంటే ఎల్‌ఎస్‌డీ వేసిన రోజు నుంచి ఆ క్లాస్‌లో ఉండలేవు. రూల్ పుస్తకం చదివి, ఏ క్లాస్‌కి మారాలో ముందే చూసుకో. అలైన్‌మెంట్ కూడా కొత్తగా చేయించు. ముందు చక్రాల టో (లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నా దగ్గర పెట్టు.

ఫ్రిస్కో_జీఎస్‌ఆర్, జులై, ఆదివారం రాత్రి 9:30

అందరికీ మళ్లీ నమస్కారం. పని అయిపోయింది, ఏం జరిగిందో రాస్తానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

ఏప్రిల్‌లో టైర్లు, బుష్‌లు, వెనక బార్ వేశాక ఒక ఆటోక్రాస్‌కి వెళ్లాను. అక్క చెప్పింది అక్షరాలా జరిగింది. ఓపెన్ డిఫ్‌తోనే లోపలి చక్రం తిరగడం సగానికి సగం తగ్గినట్టనిపించింది. ఆ రోజు ఇంటికొస్తూ ఇక డిఫ్ అవసరమా అని కూడా అనుకున్నాను.

జూన్‌లో గేర్‌బాక్స్ దించాం. మూడో గేర్ సింక్రో అరిగిపోయి ఉంది, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ చేత్తో తిప్పితే గరగరమంది. రింగ్ గేర్ బోల్టుల గురించి మెకానిక్‌కి చెప్పినప్పుడు ఆయన కాసేపు నా మొహం చూసి, మాన్యువల్ తెరిచి చూసి, "మంచిది, చెప్పావు" అన్నారు. షిమ్ కొలిస్తే పాతది సరిపోలేదు, ఇంకో మందం తెప్పించడానికి నాలుగు రోజులు ఆగాం.

నిన్న గ్రాండ్ ప్రెయిరీలో ఆటోక్రాస్. కోర్స్ ప్రతిసారీ మారుతుంది కాబట్టి సెకన్ల లెక్క చెప్పలేను. కానీ తేడా చేతులకి తెలుస్తోంది. ఇంతకుముందు ఇరుకు మలుపు సగం దాటాక స్టీరింగ్ విప్పుతూ, యాక్సిలరేటర్‌ని పొదుపుగా తొక్కేవాణ్ని. ఇప్పుడు మలుపులో ఉండగానే తొక్కితే ముందు భాగం మలుపు లోపలికి లాక్కుంటుంది. మొదటి రెండు రన్‌లలో నాకు అది నమ్మకం కుదరలేదు, భయపడి వదిలేశాను. అలా మధ్యలో వదిలినప్పుడు వెనక భాగం కొద్దిగా జారింది, గట్టి బార్ వల్ల అనుకుంటా. మూడో రన్ నుంచి కాలు తీయలేదు.

రోడ్డు మీద శబ్దం ఏమీ లేదు. 380 హైవే మీద కాంక్రీట్ అతుకుల దగ్గర గట్టిగా తొక్కితే స్టీరింగ్ కొద్దిగా తడుముకుంటుంది, ఒక చేత్తో పట్టుకోగలిగినంతే.

మెల్‌బోర్న్_డీసీ2, సోమవారం మధ్యాహ్నం 1:00

చదువుతుంటే నాకే సంతోషంగా ఉంది తమ్ముడూ. ఆ వెనక జారడం గురించి జాగ్రత్త. వర్షంలో మలుపు మధ్యలో ఒక్కసారిగా కాలు తీయకు. డ్యాంపర్లు ఇంకా పాతవే కదా, తర్వాతి ఖర్చు వాటి మీద పెట్టు.

నోవై_గేర్లు, సోమవారం ఉదయం 6:45

సంతోషం. ఐదు వందల మైళ్లకి నూనె మార్చు. కొత్త బేరింగ్‌లు, కొత్త సింక్రో కుదురుకునేటప్పుడు కొంత పొడి వస్తుంది. మాగ్నెట్ ఉన్న డ్రెయిన్ బోల్ట్ వేసి, దాని మీద ఏముందో చూసి చెప్పు. మెత్తటి బూడిద రంగు ముద్ద అయితే ఫర్వాలేదు. గోటికి తగిలే రేకులు కనిపిస్తే కారు తీయకుండా నాకు ఫొటో పంపు.

ఫ్రిస్కో_జీఎస్‌ఆర్, ఆగస్టు, శనివారం ఉదయం 10:05

అన్నా, 540 మైళ్లకి ఇవాళ మార్చాను. మాగ్నెట్ మీద బూడిద ముద్ద పలచగా ఉంది, రేకులు ఒక్కటీ లేవు. వేళ్ల మధ్య రుద్ది చూశాను, గరుకు తగల్లేదు. పాత నూనె గాజు సీసాలో పోసి ఎండలో పెట్టి చూశాను, మెరుపు లేదు. మూడో గేర్ చల్లగా ఉన్నప్పుడు కూడా వెన్నలా పడుతోంది.

వచ్చే నెల క్రెసన్‌లో ట్రాక్ డే ఉంది. ప్లేనో అన్నా, పక్క సీటు ఖాళీగా ఉంది, వస్తారా?

ప్లేనో_పాతకార్లు, శనివారం ఉదయం 10:22

హెల్మెట్ తెచ్చుకుంటాను. పొద్దున ఆరింటికి మీ ఇంటి దగ్గరుంటా.